హిమాలయ వాగుల్లో ట్రౌట్ వేట: కొత్తవారికి గైడుతో ఫ్లై ఫిషింగ్ యాత్రలు

ఈకలు, బొచ్చు, దారంతో గాలానికి కట్టిన కృత్రిమ కీటకాన్ని నీటిమీదకు విసిరి చేపను పట్టే క్రీడ ఫ్లై ఫిషింగ్. ఆ కృత్రిమ కీటకాన్ని ఫ్లై అంటారు. చల్లని కొండవాగుల్లో బతికే ట్రౌట్ ఈ వేటకు మొదటినుంచీ ప్రధాన లక్ష్యం. ఈ విద్య తెలియనివారిని స్థానిక గైడు వాగుకు తీసుకెళ్లి, పరికరాలు ఇచ్చి, ఒక పూట నుంచి నాలుగైదు రోజుల వరకు పక్కనే ఉండి నేర్పే ఏర్పాటును గైడు యాత్ర అంటారు. భారతదేశంలో ఇలాంటి యాత్రలు ఎక్కువగా హిమాచల్ ప్రదేశ్‌లోని తీర్థన్ లోయలోను, కశ్మీర్‌లోని లిద్దర్ లోయలోను జరుగుతాయి. కొన్ని ఉత్తరాఖండ్‌లో సాగుతాయి. దక్షిణాదిలో నీలగిరి, మున్నార్ కొండల్లోనూ ట్రౌట్ ఉంది.

రాడ్ అనే గాలపు కర్రతో లైను అనే దారాన్ని విసరడం రెండు మూడు గంటల్లో పట్టుబడుతుంది. చేప ఎక్కడ నిలుస్తుంది, ఏ కీటకాన్ని తింటోంది, నీడ పడకుండా దాని దగ్గరికి ఎలా చేరాలి అన్నవి మాత్రం వాగును ఏళ్ల తరబడి చూసినవారికే తెలుస్తాయి. గైడు అవసరం ప్రధానంగా అక్కడే ఉంటుంది.

మామూలు గాలానికీ దీనికీ తేడా

చెరువు గట్టున వేసే గాలానికి వానపాము, పిండిముద్ద లాంటి ఎర ఉంటుంది. బెండు మునిగితే లాగుతారు. ఆ ఎరకో, దానికి కట్టిన సీసపు గుండుకో ఉన్న బరువే దారాన్ని దూరానికి తీసుకెళ్తుంది. ఫ్లైకి ఆ బరువు లేదు. అందుకే ఫ్లై ఫిషింగ్‌లో లైనునే బరువుగా, లావుగా తయారుచేస్తారు. రాడ్‌తో లైనును వెనక్కి, ముందుకి ఊపితే అది గాలిలో మడత విప్పుకుంటూ వెళ్లి, చివరనున్న ఫ్లైని నీటిమీద దించుతుంది.

రెండో తేడా చేపను ఒప్పించే తీరులో ఉంది. ఎర వాసనతో, రుచితో చేపను పిలుస్తుంది. ఫ్లైకి రూపం, కదలిక తప్ప వేరే ఆకర్షణ లేదు. అది నిజమైన కీటకంలా తేలాలి, లేదా మునిగి కొట్టుకుపోవాలి. నోట్లో పడ్డ క్షణంలోనే ట్రౌట్ మోసాన్ని కనిపెట్టి ఉమ్మేస్తుంది. కాబట్టి జాలరి కళ్లు ఫ్లైమీదనుంచి కదలకూడదు.

చరిత్ర

మాసిడోనియా ప్రాంతంలోని ఒక నదిలో ఎర్రటి ఉన్ని, కోడి ఈకలు చుట్టిన గాలంతో మచ్చల చేపలను పట్టేవారని రోమన్ రచయిత ఈలియన్ క్రీ.శ. 200 ప్రాంతంలో రాశాడు. ఇంగ్లండులో 1496లో అచ్చయిన ఒక గ్రంథంలో గాలపు వేట గురించిన భాగం ఉంది. దాన్ని జూలియానా బెర్నర్స్ రాసిందని సంప్రదాయంగా చెబుతారు. ఐజాక్ వాల్టన్ 1653లో వెలువరించిన గాలపు వేట గ్రంథానికి 1676 ముద్రణలో చార్లెస్ కాటన్ ఫ్లై ఫిషింగ్ భాగాన్ని చేర్చాడు. 19వ శతాబ్దం చివర ఫ్రెడరిక్ హాల్ఫోర్డ్ నీటిమీద తేలే ఫ్లైని శాస్త్రంగా మలిచాడు. ఆ తరవాత జి.ఇ.ఎం. స్క్యూస్ నీటి లోపల కొట్టుకుపోయే నింఫ్ పద్ధతిని ప్రతిపాదించాడు. తేలే ఫ్లైనా, మునిగే ఫ్లైనా అని అప్పట్లో సాగిన వాదం ఇప్పుడు సమసిపోయింది. నేటి గైడు పెట్టెలో రెండు రకాలూ ఉంటాయి.

గైడు వృత్తి కూడా 19వ శతాబ్దంలోనే స్థిరపడింది. స్కాట్లండులో ఎస్టేటు దొరల వెంట ఉండి వేట చూపించేవారిని గిల్లీలు అనేవారు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రం 1897లో గైడ్ల నమోదు మొదలుపెట్టినప్పుడు మొదటి లైసెన్సు అందుకున్నది కార్నీలియా క్రాస్బీ అనే మహిళ. జపాన్ కొండవాగుల్లో రీలు లేని పొడవాటి కర్రకు నేరుగా దారం కట్టి వేటాడే టెంకారా పద్ధతి విడిగా ఎదిగింది. నేర్చుకోవడం తేలిక కాబట్టి ఇప్పుడు అనేక దేశాల్లో కొత్తవారికి దీన్ని పరిచయం చేస్తున్నారు.

భారతదేశపు నదుల్లో అసలైన ట్రౌట్ సహజంగా లేదు. బ్రౌన్ ట్రౌట్ (సాల్మో ట్రుట్టా) ఐరోపా చేప. రెయిన్‌బో ట్రౌట్ (ఆంకోరింకస్ మైకిస్) పసిఫిక్ మహాసముద్రానికి ఆనుకుని ఉన్న నదుల చేప. రెండింటినీ ఇక్కడికి తెచ్చింది బ్రిటిష్ అధికారులు, వ్యాపారులు, తోటల యజమానులు. ‘ద ఫిషెస్ ఆఫ్ ఇండియా’ రాసిన మద్రాసు సైనిక వైద్యుడు ఫ్రాన్సిస్ డే 1860లలో నీలగిరి కొండలకు ట్రౌట్ తేవాలని ప్రయత్నించి విఫలుడయ్యాడు. గుడ్లు చల్లగా ఉంటేనే బతుకుతాయి. ఓడ ప్రయాణంలో ఆ చల్లదనాన్ని నిలపడం అప్పటి పెద్ద చిక్కు. మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి హెన్రీ సలివన్ థామస్ 1873లో ‘ద రాడ్ ఇన్ ఇండియా’ ప్రచురించాడు. అప్పటికి ట్రౌట్ లేదు కాబట్టి ఆ పుస్తకంలో పెద్దపీట ఇక్కడి నదుల చేప మాహసీర్‌కు దక్కింది.

కశ్మీర్‌కు 1899లో ఇంగ్లండు నుంచి పంపిన గుడ్లు దారిలోనే పాడయ్యాయి. మరుసటి ఏడాది వచ్చినవి బతికాయి. శ్రీనగర్‌లో తివాచీల వ్యాపారం చేసే ఫ్రాంక్ మిచెల్ వాటిని పెంచి వాగుల్లో వదిలే పనిని తలకెత్తుకున్నాడు. దాచిగామ్ వాగు నీటితో హర్వాన్‌లో చేపగుడ్లను పొదిగించే హేచరీ ఏర్పడింది. అక్కడి సంతతి కశ్మీర్ లోయ దాటి గిల్గిత్ వాగుల వరకు పాకింది. 1909లో కుల్లూ లోయలోని కట్రాయిన్ దగ్గర మహిలీలో జి.సి.ఎల్. హోవెల్ హేచరీ పెట్టించాడు. అక్కడినుంచి బ్రౌన్ ట్రౌట్ బియాస్ ఉపనదులకు చేరింది. దాదాపు అదే కాలంలో నీలగిరుల్లోని అవలాంచిలో హెచ్.సి. విల్సన్ చొరవతో రెయిన్‌బో ట్రౌట్ నిలదొక్కుకుంది. మున్నార్ తేయాకు తోటల దొరలు తమ కొండల్లోనూ దాన్ని పెంచారు.

స్వాతంత్ర్యం తరవాత హేచరీలు రాష్ట్ర మత్స్యశాఖల చేతికి వచ్చాయి. 1980లలో ఐరోపా సాయంతో కశ్మీర్‌లోని కోకర్‌నాగ్‌లో పెద్ద ట్రౌట్ ఫారం, ఆ దశకం చివర నార్వే సాయంతో కుల్లూ జిల్లాలోని పత్లికుహల్‌లో మరొకటి రూపుదిద్దుకున్నాయి. చల్లని నీటి చేపలపై 1987లో మొదలైన జాతీయ స్థాయి పరిశోధన సంస్థ ఇప్పుడు ఉత్తరాఖండ్‌లోని భీమ్‌తాల్ కేంద్రంగా పనిచేస్తోంది.

ట్రౌట్ కోరేది

ట్రౌట్ వేటలో చాలా సూత్రాలు నీటి చల్లదనం దగ్గర మొదలవుతాయి. నీరు చల్లబడేకొద్దీ అందులో కరిగే ప్రాణవాయువు పెరుగుతుంది. 10 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు నీటిలో సుమారు 11 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగగలదు. 30 డిగ్రీల దగ్గర అది 7.5 మిల్లీగ్రాములకు పడిపోతుంది. బ్రౌన్ ట్రౌట్ 12 నుంచి 18 డిగ్రీల మధ్య చురుగ్గా తింటుంది. 20 దాటితే నీరసిస్తుంది. గోదావరి, కృష్ణా మైదానాల్లో ట్రౌట్ బతకకపోవడానికి ఇదే కారణం. రంగారెడ్డి జిల్లా కందుకూరులో ఈమధ్య మొదలైన రెయిన్‌బో ట్రౌట్ సాగు కూడా నీటిని యంత్రాలతో చల్లబరిచి, శుద్ధిచేసి, తిరిగి వాడే తొట్లలోనే సాగుతోంది.

ట్రౌట్ ప్రవాహానికి ఎదురుగా తలపెట్టి నిలుస్తుంది. తక్కువ శ్రమతో ఎక్కువ తిండి దొరికే చోటు దానికి కావాలి. వేగంగా పారే పాయ తిండిని మోసుకొస్తుంది. ఆ పాయలోనే నిలబడితే ఈదీ ఈదీ అలసిపోతుంది. అందుకని వేగపు నీరూ నెమ్మది నీరూ కలిసే అంచున, పెద్ద బండకు ముందు ఏర్పడే మెత్తటి దిండు లాంటి నీటిలో, బండ వెనుక సుడిలో, మడుగు తలభాగంలో, కోతకు గురైన ఒడ్డు కింద ఉంటుంది. గైడు వాగును చూపిస్తూ మొదట ఈ చోట్లనే పేరుపేరునా చెబుతాడు.

నీటి లోపలనుంచి చేపకు పైలోకం ఒక గుండ్రటి కిటికీలోంచి కనిపిస్తుంది. కాంతి వక్రీభవనం వల్ల ఆ కిటికీ సుమారు 97 డిగ్రీల శంకువుగా ఉంటుంది. చేప ఎంత లోతున ఉంటే కిటికీ అంత వెడల్పు. ఒడ్డున నిటారుగా నిలబడిన మనిషి ఆ కిటికీ అంచున కనబడతాడు, వంగితే మరుగవుతాడు. వాగు దిగువనుంచి, వెనుకగా, వంగి నడుస్తూ చేపను సమీపించాలన్న నియమం ఇందులోంచే వచ్చింది. రాళ్లమీద బరువుగా వేసే అడుగుల అదురు కూడా చేపకు తెలిసిపోతుంది.

రెండు జాతులనూ గుర్తుపట్టడం తేలికే. బ్రౌన్ ట్రౌట్ ఒళ్లు పసుపు గోధుమ వన్నెలో ఉండి, లేత వలయాల మధ్య ఎర్రచుక్కలు కనిపిస్తాయి. రెయిన్‌బోకు పక్కన గులాబీ చార, తోకనిండా నల్లచుక్కలు ఉంటాయి. హిమాలయ వాగుల్లో సొంతంగా గుడ్లు పెట్టి తరతరాలుగా నిలిచింది ప్రధానంగా బ్రౌన్ ట్రౌట్. రెయిన్‌బో ఎక్కువగా ఫారాల్లో పెరుగుతుంది. వరదలకు ఫారం గట్టు తెగినప్పుడు వాగుల్లోకి వస్తుంది.

కీటకాలు, ఫ్లైలు

ట్రౌట్ తిండిలో పెద్ద వాటా వాగు అడుగున రాళ్లకు అంటుకుని బతికే కీటకాలది. మేఫ్లై, క్యాడిస్, స్టోన్‌ఫ్లై, చిన్న మిడ్జ్ దోమలు ముఖ్యమైనవి. మేఫ్లై పిల్ల నీటి అడుగున నెలల తరబడి, కొన్ని జాతుల్లో ఏడాదికి పైగా పెరుగుతుంది. ఎదిగాక పైకి తేలి, చర్మం విడిచి, రెక్కలు ఆరేదాకా నీటిమీద కూర్చుంటుంది. రెక్కలొచ్చిన మేఫ్లైకి తినే నోరు ఉండదు. గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో జతకట్టి, గుడ్లు పెట్టి చనిపోతుంది. క్యాడిస్ పిల్లల్లో చాలా జాతులు ఇసుక రేణువులు, పుల్లలు అంటించుకుని గూడు కట్టుకుంటాయి. గైడు ఒక రాయిని తిరగేసి ఈ జీవాలను చూపించి, అదే పరిమాణం, అదే రంగు ఉన్న ఫ్లైని పెట్టెలోంచి తీస్తాడు.

ఫ్లైలను స్థూలంగా మూడు రకాలుగా చూడవచ్చు. తేలే ఫ్లై రెక్కలొచ్చిన కీటకాన్ని పోలి ఉంటుంది. అమెరికాలోని మిషిగన్‌లో 1922లో పుట్టిన ఆడమ్స్, దుప్పి వెంట్రుకలతో కట్టే ఎల్క్ హెయిర్ క్యాడిస్ వీటిలో పేరున్నవి. నింఫ్ నీటి అడుగు పిల్లను పోలి మునిగి వెళ్తుంది. ఇంగ్లండు నదీ సంరక్షకుడు ఫ్రాంక్ సాయర్ నెమలిజాతి ఫెజంట్ పక్షి తోక ఈకతో, రాగితీగతో కట్టిన ఫెజంట్ టెయిల్ దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. స్ట్రీమర్ చిన్నచేపలా కదులుతుంది. చేపలు నీటిపైన ఎగిరి తింటూ కనిపించకపోతే ట్రౌట్ అడుగునే తింటున్నట్టు లెక్క. అలాంటి వేళ గైడ్లు కొత్తవారి చేతికి నింఫ్ ఇస్తారు. చేప తాకితే తెలియడానికి లైనుమీద రంగు ఉన్ని ముక్క కడతారు.

సాధనాలు

కొండవాగుకు 7.5 నుంచి 9 అడుగుల రాడ్, 4 లేదా 5 నంబరు లైను సరిపోతాయి. ఈ నంబరు లైను ముందుభాగం 30 అడుగుల బరువును సూచిస్తుంది. 5 నంబరు లైనుకు అది సుమారు 9 గ్రాములు. రాడ్ నంబరూ లైను నంబరూ కలవాలి. కలవకపోతే రాడ్ సరిగా వంగదు, లైను సరిగా ముందుకు పోదు. ఒకప్పుడు వెదురు చీలికలను అంటించి చేసిన రాడ్లు వాడేవారు. రెండో ప్రపంచయుద్ధం తరవాత ఫైబర్‌గ్లాస్, 1970ల నుంచి కార్బన్ గ్రాఫైట్ వచ్చాయి. పట్టుదారం లైనుకు కొవ్వు రాసే రోజులు పోయి, ప్లాస్టిక్ పూతతో తేలే లైన్లు వచ్చాయి.

లైను చివర సన్నబడుతూ పోయే 7.5 నుంచి 9 అడుగుల లీడర్, దాని కొసన టిప్పెట్ అనే సన్నదారం ఉంటాయి. టిప్పెట్ మందాన్ని ఎక్స్ అనే కొలతలో చెబుతారు. సంఖ్య పెరిగేకొద్దీ దారం సన్నం. 5 ఎక్స్ దారం మందం సుమారు 0.15 మిల్లీమీటరు. వీటికి తోడు చేతివల, చిన్న కత్తెర, గాలం తీసే ఫోర్సెప్స్, జారని బూట్లు, నడుము దాకా తొడిగే నీరు చొరని వేడర్లు, టోపీ, పోలరైజ్డ్ కళ్లద్దాలు కావాలి. నీటిమీద మెరుపును తగ్గించి లోపలి చేపను చూపించేవి ఆ అద్దాలే. వెనక్కి ఎగిరొచ్చే గాలంనుంచి కంటిని కాపాడేవి కూడా అవే. గైడు యాత్రల్లో రాడ్, రీలు, ఫ్లైలు సాధారణంగా నిర్వాహకులే ఇస్తారు. బూట్లు, వేడర్లు అన్ని కొలతల్లోనూ దొరక్కపోవచ్చు కాబట్టి ముందే అడగడం మేలు.

గైడు పని

ట్రౌట్ వాగుల గైడ్లలో చాలామంది ఆ ఊరి మనుషులే. కొందరి తండ్రులు, తాతలు మత్స్యశాఖలో కాపలాదారులుగానో, కశ్మీర్‌లో షికారీలుగానో దొరల వెంట తిరిగినవారు. గైడు కొత్తవారికి విసరడం నేర్పుతాడు, ఫ్లై ఎంచి కడతాడు, చెట్టుకు చిక్కిన లైనును విడదీస్తాడు. పర్మిట్ తీసుకోవడంలో సాయపడతాడు. నీరు పెరుగుతోందని ముందే పసిగట్టి ఒడ్డుకు రమ్మంటాడు. ఏ మడుగును ఈ ఉదయం ఎవరు కెలికారో, ఏ పాయకు విశ్రాంతి ఇవ్వాలో గుర్తుపెట్టుకుంటాడు.

కొత్తవారికి ఒక గైడుకు ఇద్దరు మించకపోతే మంచిది. ఒకరు విసురుతుండగా మరొకరు చూస్తూ నేర్చుకోవచ్చు. నలుగురైదుగురు ఒకే మడుగు దగ్గర చేరితే చేపలు చెదిరిపోతాయి, గాలాలు ఒకరికొకరు తగిలే ప్రమాదమూ ఉంటుంది. నాణ్యమైన గైడు చేప తప్పకుండా పడుతుందని మాట ఇవ్వడు. వాగు బురదగా ఉంటే ఆ సంగతి ముందే చెప్పి, తేదీ మార్చుకోమంటాడు.

యాత్ర సాగే తీరు

మొదటి పాఠం తరచూ పచ్చికమీద, గాలం లేకుండా, రంగు ఉన్ని ముక్క కట్టి మొదలవుతుంది. రాడ్‌ను గడియారపు ముల్లుగా ఊహించుకుని పది నుంచి ఒంటిగంట మధ్య కదపమంటారు. వెనక్కి విసిరాక లైను పూర్తిగా విప్పుకునేదాకా ఒక్క క్షణం ఆగాలి. కొత్తవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఆగకుండా ముందుకు లాగితే కొరడా ఝళిపించినట్టు చప్పుడై ఫ్లై ఊడిపోతుంది. మణికట్టును బాగా వంచితే లైను వెనుక నేలను తాకుతుంది. బలం వాడినకొద్దీ విసురు చెడుతుంది.

ఒడ్డు పొడుగునా చెట్లున్న చోట వెనక్కి విసరడానికి చోటుండదు. అక్కడ రోల్ కాస్ట్ నేర్పుతారు. లైనును నీటిమీదే ఉంచి, రాడ్‌ను నెమ్మదిగా భుజం పక్కకు ఎత్తి, ఒక్కసారిగా ముందుకు దించితే లైను చక్రంలా దొర్లుకుంటూ వెళ్తుంది. తీర్థన్ ఒడ్డున కొత్తవారికి మొదట పనికొచ్చేది ఇదే. దూరం విసరాలన్న ఆశ వృథా. కొండవాగులో చాలా చేపలు 20, 30 అడుగుల లోపే పడతాయి.

తరవాతి పాఠం డ్రాగ్. వాగులో ఒక్కో పాయ ఒక్కో వేగంతో పారుతుంది. ఫ్లై నెమ్మది నీటిలో పడి, మధ్యలో లైను వేగపు పాయమీద ఉంటే లైను వంపు తిరిగి ఫ్లైని లాగేస్తుంది, ఆ లాగుడే డ్రాగ్. నిజమైన కీటకం అలా పక్కకు ఈడ్చుకుపోదు కాబట్టి ట్రౌట్ దాన్ని వదిలేస్తుంది. లైను పడగానే రాడ్ కొనతో దాన్ని ఎగువ వైపుకు తిప్పి వేయడాన్ని మెండింగ్ అంటారు. దానివల్ల ఫ్లైకి మరికొన్ని అడుగులు సహజంగా తేలే అవకాశం దొరుకుతుంది.

చేప ఫ్లైని తీసుకున్నప్పుడు రాడ్‌ను మెత్తగా పైకెత్తితే చాలు. ఉలిక్కిపడి గుంజితే సన్నటి టిప్పెట్ తెగుతుంది. గాలం పడ్డాక రాడ్‌ను ఎత్తి వంపులో ఉంచాలి. చేప పరుగెత్తితే లైను వదలాలి, ఆగితే చుట్టాలి. అలాగని గంటల తరబడి ఆడించకూడదు. త్వరగా వలలోకి తేవడమే చేపకు మేలు.

పట్టి వదలడం

నియమం ప్రకారం కొన్ని చేపలను ఉంచుకునే వీలున్నా, చాలామంది గైడ్లు పట్టిన చేపను వదిలేయమనే నేర్పుతారు. వదిలిన చేప బతకడం పట్టుకున్న తీరుమీద ఆధారపడుతుంది. కెనడా పరిశోధకులు ఫెర్గూసన్, టఫ్ట్స్ 1992లో రెయిన్‌బో ట్రౌట్‌పై చేసిన ప్రయోగం ప్రచురించారు. అలసిపోయేదాకా ఈదించిన చేపల్లో 12 శాతం చనిపోగా, ఆ తరవాత 30 సెకన్లు గాలిలో ఉంచినవాటిలో 38 శాతం, 60 సెకన్లు ఉంచినవాటిలో 72 శాతం చనిపోయాయి. ప్రయోగశాల పరిస్థితి వాగుతో పూర్తిగా సమానం కాదు. అయినా ఫొటో కోసం చేపను ఎత్తి పట్టుకోవడం ఎంత చేటో దానివల్ల తేలింది.

అందుకని వెనుకముల్లు లేని, లేదా శ్రావణంతో ఆ ముల్లును నొక్కేసిన గాలం వాడతారు. చేపను తాకేముందు చేతులు తడుపుకోవాలి. పొడిచేతులు చేప ఒంటిమీది జిగురు పొరను తుడిచేస్తాయి. మొప్పల్లో వేలు పెట్టకూడదు. వలను నీటిలోనే ఉంచి గాలం తీసి, చేపను ప్రవాహానికి ఎదురుగా పట్టుకుని, అది తానే ఈదేదాకా వదలకూడదు. ఎండ ముదిరి నీరు వేడెక్కిన మధ్యాహ్నాల్లో వేట ఆపేస్తే ఇంకా మంచిది.

ప్రధాన ప్రాంతాలు

తీర్థన్ నది గ్రేట్ హిమాలయన్ జాతీయ ఉద్యానంలోని ఎత్తయిన కొండల్లో పుట్టి, గుషైనీ, బంజార్ మీదుగా ప్రవహించి లార్జీ దగ్గర బియాస్‌లో కలుస్తుంది. ఈ ఉద్యానాన్ని యునెస్కో 2014లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఉద్యానం హద్దు వెలుపల, ఊళ్ల పక్కన పారే భాగం వేటకు అనువైనది. ఒడ్డునే ఉన్న అతిథిగృహాలు గైడును కుదిరిస్తాయి. పక్క లోయలోని సైంజ్, మండీ జిల్లా బరోట్ దగ్గరి ఊహల్, రోహ్రూ వైపు పబ్బర్, కిన్నౌర్‌లోని బస్పా హిమాచల్‌లోని ఇతర ట్రౌట్ నీళ్లు.

కశ్మీర్‌లో కొలహోయ్ హిమానీనదం నుంచి వచ్చే లిద్దర్, సోన్‌మర్గ్ వైపు సింద్, కోకర్‌నాగ్ ఊటల నీటితో సాగే బ్రింగీ, ఉత్తరాన గురేజ్ లోయలోని కిషన్‌గంగా పేరున్నవి. ఇక్కడి వాగులను మత్స్యశాఖ బీట్లుగా విభజించి, ఒక్కో బీట్‌కు రోజుకు కొద్దిమందికే పర్మిట్ ఇస్తుంది. గురేజ్ నియంత్రణ రేఖకు దగ్గరగా ఉంది కాబట్టి భద్రతా అనుమతుల సంగతి బయలుదేరేముందే తెలుసుకోవాలి. ఉత్తరాఖండ్‌లో ఉత్తరకాశీ దగ్గరి అసీ గంగ, దాని తలాపున ఉన్న దోడీతాల్ సరస్సు బ్రౌన్ ట్రౌట్‌కు పేరుపొందాయి.

కాలం, అనుమతులు

హిమాచల్‌లో నవంబర్ 1 నుంచి ఫిబ్రవరి చివరిదాకా ట్రౌట్ వేట నిషిద్ధం. బ్రౌన్ ట్రౌట్ శరదృతువు చివర గులకరాళ్లలో గుంటలు తవ్వి గుడ్లు పెడుతుంది. శీతాకాలమంతా ఆ గుడ్లు రాళ్ల సందుల్లో పొదుగుతాయి. అప్పుడు వాగులో నడిచినా అవి నలిగిపోతాయి. కశ్మీర్‌లో సీజన్ సాధారణంగా ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఉంటుంది.

తెరిచిన నెలలన్నీ ఒకటి కావు. మార్చి, ఏప్రిల్‌లలో నీరు తేటగా, బాగా చల్లగా ఉంటుంది, మధ్యాహ్నం వేళ చేపలు చురుగ్గా ఉంటాయి. మే, జూన్‌లలో మంచు కరిగి వాగులు ఉబ్బుతాయి. జులై, ఆగస్టులలో హిమాచల్ వాగులు వర్షాలకు బురదగా మారతాయి. సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ దాకా నీరు తగ్గి తేటపడుతుంది. కొత్తవారికి ఇదే సులువైన సమయం. కశ్మీర్‌లో రుతుపవనాల ప్రభావం తక్కువ కాబట్టి ఆగస్టు, సెప్టెంబర్ బాగుంటాయి.

వేటకు రాష్ట్ర మత్స్యశాఖ పర్మిట్ తప్పనిసరి. రోజుకు ఎన్ని చేపలు ఉంచుకోవచ్చు, ఎంత పొడవుకు తక్కువైతే వదిలేయాలి, ఏ ఎర వాడకూడదు అన్నవి పర్మిట్‌తోపాటే వర్తిస్తాయి. వల, విద్యుత్తు, పేలుడు పదార్థం, బ్లీచింగ్ పొడితో చేపలు పట్టడం నేరం. దొంగతనంగా సాగే ఇలాంటి వేట మీద కన్నేసి ఉంచడం కూడా స్థానిక గైడ్ల పనిలో ఒక భాగమైపోయింది.

భద్రత

కొండవాగులో మోకాలి లోతు దాటితే ప్రవాహపు తోపు మనిషిని పడేయగలదు. కర్ర ఊతంతో, ప్రవాహానికి పక్కగా తిరిగి, ఒక కాలు కుదురుకున్నాకే రెండోది కదపాలి. మంచునీటిలో పడితే నిమిషాల్లో చేతులు మొద్దుబారతాయి. వేడర్లకు నడుము దగ్గర బెల్టు బిగించాలి. లేకపోతే పడినప్పుడు లోపలికి నీరు చేరి బరువెక్కుతుంది.

డ్యాముల దిగువన ప్రమాదం మరో రూపంలో వస్తుంది. 2014 జూన్ 8న మండీ జిల్లాలో లార్జీ డ్యాము నుంచి హఠాత్తుగా వదిలిన నీటిలో హైదరాబాద్‌నుంచి విహారయాత్రకు వెళ్లిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు బియాస్‌లో కొట్టుకుపోయారు. వారు వేటకు వెళ్లినవారు కారు, ఒడ్డున రాళ్లమీద ఫొటోలు దిగుతున్నవారు. తీర్థన్ బియాస్‌లో కలిసే చోటు ఆ డ్యాము పక్కనే. నీరు తక్కువగా కనిపించిన నదిలో ఎగువన ఏముందో తెలిసినవారు వెంట ఉండటం ఎంత అవసరమో ఆ దుర్ఘటన చెబుతుంది. డ్యాము దిగువన నదీగర్భంలోకి దిగకపోవడం, సైరన్ వినగానే ఒడ్డెక్కడం, నీటి రంగు మారినా పుల్లలు కొట్టుకొచ్చినా బయటికి రావడం తప్పనిసరి నియమాలు.

పర్యావరణ చర్చ

హిమాలయ వాగుల సొంత చేప స్నోట్రౌట్. ఉత్తరాఖండ్‌లో అసేలా, కుల్లూ వైపు గుగ్లీ అని పిలుస్తారు. పేరులో ట్రౌట్ ఉన్నా అది కార్పు కుటుంబానికి చెందినది. దాని నోరు అడుగువైపు ఉండి, రాళ్లమీది నాచును గీకి తింటుంది. ప్రధాన జాతి షైజోథోరాక్స్ రిచర్డ్‌సనీని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య ముప్పును ఎదుర్కొంటున్నదిగా గుర్తించింది. బ్రౌన్ ట్రౌట్, రెయిన్‌బో ట్రౌట్ రెండూ అదే సమాఖ్య ప్రకటించిన నూరు తీవ్ర ఆక్రమణ జాతుల జాబితాలో ఉన్నాయి. చల్లని పై వాగుల్లో బ్రౌన్ ట్రౌట్ చోటు ఆక్రమించడం, పిల్లచేపలను తినడం స్నోట్రౌట్‌కు నష్టమని మత్స్యశాస్త్రవేత్తలు అంటారు. డ్యాములు, ఇసుక తవ్వకం, రోడ్డు పనుల మట్టి కలిగించే నష్టం రెండు చేపలకూ ఉమ్మడిది.

జాలర్ల బూట్లు కూడా రోగాలను మోస్తాయి. ఒక వాగునుంచి మరో వాగుకు వెళ్లేముందు వాటిని కడిగి ఆరబెట్టాలి. డిడిమో అనే జిగట నాచు వ్యాపించడంతో న్యూజిలాండ్ 2008లో తడిని పీల్చే ఫెల్ట్ అడుగు బూట్లను నిషేధించింది.

2023 జులైలో బియాస్ లోయలో వచ్చిన వరదలు కుల్లూ జిల్లా ట్రౌట్ ఫారాలను దెబ్బతీశాయి, వాగుల దారిని మార్చాయి. వేడెక్కే వేసవులు ట్రౌట్ నీళ్లను మరింత ఎత్తుకు నెడతాయని అంచనా. మరోవైపు, తీర్థన్‌పై చిన్న జలవిద్యుత్ ప్రాజెక్టుల ప్రతిపాదన వచ్చినప్పుడు స్థానికులు ఎదిరించి నిలిచారు. ట్రౌట్‌మీద, దాని వెంట వచ్చే యాత్రికులమీద ఆధారపడిన బతుకులు వారి వాదనలో ముఖ్యమైనవి. ప్రభుత్వం ఆ ప్రాజెక్టులను పక్కనపెట్టింది. దొరలు సరదాకు తెచ్చి వదిలిన విదేశీ చేప ఈ ఒక్క లోయలో నదిని ఆనకట్ట లేకుండా పారనివ్వడానికి కారణమైంది. ఆ నదిలోనే స్నోట్రౌట్ కూడా ఈదుతోంది.